పల్లె పిల్లల బడి కోసం తపించిన పి.వి.

పాములపర్తి వేంకట నరసింహారావు గారు 1921 జూన్ 28న వరంగల్లు ప్రాంతంలోని లక్నేపల్లిలో పుట్టారు. వంగర గ్రామంలో పెరిగారు. అది నిజాం పాలనాకాలం. పల్లెల్లో పెద్ద బడులు ఉండేవి కావు. అందుకే ఆయన చిన్నతనంలోనే ఇల్లు విడిచి, చదువుకోసం హనుమకొండ చేరారు. 1938లో వందేమాతరం పాడినందుకు కళాశాల నుండి తొలగించిన విద్యార్థుల్లో ఆయన కూడా ఒకరు. అయినా పట్టు వదలక నాగపూర్ వెళ్ళి చదువు కొనసాగించారు.

1971 సెప్టెంబరులో ఆయన ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు. ఆ నవంబరులోనే నల్లగొండ జిల్లా సర్వేలులో గురుకుల పాఠశాల మొదలైంది. తెలివైన పేద పిల్లలకు చదువు, భోజనం, వసతి అన్నీ ప్రభుత్వమే చూసుకునే బడి అది.

1985లో ఆయన కేంద్రంలో మానవ వనరుల అభివృద్ధి మంత్రి అయ్యారు. ప్రధాని రాజీవ్ గాంధీ గారి ఆలోచనతో, జిల్లాకొక నవోదయ విద్యాలయం కట్టాలని 1986 జాతీయ విద్యా విధానం నిర్ణయించింది. స్థలం రాష్ట్రాలు ఇవ్వాలి, భవనాల ఖర్చు కేంద్రం భరించాలి. సొంత భవనాలు లేచేదాకా తాత్కాలిక భవనాల్లో తరగతులు నడపాలి. అంటే గోడలు పూర్తయ్యేవరకు పిల్లలు ఎదురుచూడనక్కరలేదు! కనీసం 75 శాతం సీట్లు పల్లె పిల్లలకే. కొద్దిమంది కోసం ఇంత ఖర్చు ఎందుకని, ఊరి బడులన్నీ బాగుచేయాలని అప్పట్లో కొందరు అన్నారు. ఆ మాటలోనూ న్యాయం ఉంది. కానీ ఊళ్ళో పై తరగతులు లేని పిల్లవాడి కష్టం పి.వి. గారికి స్వయంగా తెలుసు.

మేమున్న అండమాన్ నికోబార్‌లో దీవికీ దీవికీ నడుమ సముద్రం. సిమెంటు, ఇనుము కూడా ఓడలోనే రావాలి. అయినా మధ్య అండమాన్‌లోని పంచవటిలో, కార్ నికోబార్‌లో నవోదయలు వెలిశాయి. బదిలీ ఉద్యోగుల పిల్లలమైన మాకోసం కేంద్రీయ విద్యాలయాలు 1963 నుండే ఉన్నాయి. పుట్టిన దీవిలోనే ఉండిపోయే పిల్లలకు నవోదయ ఒక పెద్ద అవకాశం. అక్కడ తొమ్మిదో తరగతిలో కొందరిని ఒక ఏడాదిపాటు వేరే భాషా ప్రాంతానికి పంపుతారు. వారికీ మాలాగే బదిలీ అన్నమాట!

1991 నుండి 1996 వరకు ప్రధానిగా పనిచేసిన పి.వి. గారు 2004 డిసెంబరు 23న కన్నుమూశారు. మూడు రోజులకే సునామీ వచ్చి నికోబార్‌లో ఎన్నో బడులను కూల్చేసింది. వాటిని మళ్ళీ కట్టవలసి వచ్చింది. 2024లో ఆయనకు భారతరత్న లభించింది. బడి కట్టడం ఒక్కసారితో తీరే పని కాదు. చదువుకున్న ప్రతి తరం, తరువాతి తరం కోసం ఆ పనిని అందుకోవాలి.