సాలీళ్ల మాస్టారు ఫాబ్రే

తరగతి గదిలో సాలీడు కనబడగానే సగంమంది బెంచీలెక్కుతారు, మిగతా సగంమంది బూటు విప్పుతారు. బదిలీ మీద నేను వెళ్లిన ప్రతి ఊరిలోనూ ఇదే వరస. అందుకే ఈసారి సాలీడును చంపకుండా, దాని ముందు కూర్చుని చూసిన ఒక ఉపాధ్యాయుడి కథ చెబుతాను.

జీన్ హెన్రీ ఫాబ్రే 1823లో దక్షిణ ఫ్రాన్స్‌లోని ఒక పల్లెలో, పేద ఇంట పుట్టారు. స్కాలర్‌షిప్ సంపాదించి ఉపాధ్యాయ శిక్షణ పొందారు. కార్పెంట్రాస్‌లో ఆయన తొలి జీతం ఏడాదికి 700 ఫ్రాంకులు. అక్కణ్ణుంచి కోర్సికా దీవికి, తర్వాత అవిన్యాన్‌కు మారారు.

కోర్సికాలో ఒంటి మీద ఎర్రచుక్కలున్న నల్లసాలీడంటే రైతులకు హడల్. ఫాబ్రే వాళ్లను మూఢులని నవ్వలేదు, విన్నదంతా నమ్మనూ లేదు. స్వయంగా గమనించారు. అది బ్లాక్ విడో జాతికి చెందినది. కరిస్తే ఒళ్లంతా కండరాలు పట్టేస్తాయి. రైతుల భయం ఉత్తది కాదు.

నేలలో బొరియ చేసుకునే పెద్ద సాలీడు కరిస్తే సంగీతం వాయించి నాట్యం చేయించాలని ఇటలీలో నమ్మేవారు. ఫాబ్రే ఆ జాతి సాలీడునూ పరీక్షించారు. దాని కాటుకు తుమ్మెదలు క్షణంలో చచ్చాయి. ఒక పిచ్చుకపిల్లకు ముందు కాలు పడిపోయింది, తర్వాత ప్రాణమే పోయింది. మనుషులూ జాగ్రత్తపడాలని ఆయన రాశారు. దాని కాటు మనిషి ప్రాణం తీయదని తర్వాత తేలింది. అదే సాలీడు తన పిల్లల్ని నెలల తరబడి వీపున మోయడమూ ఆయన చూశారు.

అవిన్యాన్‌లో, పువ్వు కాయ ఎలా అవుతుందో ఆడపిల్లలకు చెప్పినందుకు ఊరి పెద్దలు మండిపడ్డారు. ఉద్యోగం పోయింది, అద్దె ఇల్లూ పోయింది. పాఠ్యపుస్తకాలు రాసి సంసారం ఈదారు. 1879లో, 55 ఏళ్ల వయసులో, సెరిన్యాన్‌లో ఒక రాళ్లనేల కొన్నారు. ఎవరికీ పనికిరాని ఆ బీడే ఆయన ప్రయోగశాల. పురుగుల జీవితంపై పది సంపుటాలు పూర్తిచేసి, 1915లో అక్కడే కన్నుమూశారు.

ఇక మన ఇళ్ల సంగతి. గోడకు అతుక్కున్నట్టుండే పెద్ద గోధుమరంగు సాలీడు గూడు కట్టదు, బొద్దింకల్ని తింటుంది. మూలల్లో సన్నకాళ్లతో ఊగేది, కిటికీ మీద గెంతే చిన్నది, తోటలో గూటి మధ్య తెల్లని గుణకారం గుర్తు వేసేది, ఇవేవీ ప్రాణాపాయం కలిగించేవి కావు. ఆంధ్రప్రదేశ్‌లోని గుత్తి పేరుతో ప్రసిద్ధమైన నీలిరంగు సాలీడు అడవి చెట్ల తొర్రల్లో ఉంటుంది. కరిస్తే తీవ్రమైన నొప్పి తప్పదు. దాన్నీ, కట్టెల కింద దాగే నల్లసాలీళ్లనూ ముట్టుకోవద్దు. ఏ సాలీడు కరిచినా సబ్బునీళ్లతో కడిగి పెద్దలకు చెప్పండి. వాపు పెరిగినా, కండరాలు పట్టేసినా డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ఈ వారం మీ ఇంట్లో ఒక్క సాలీడును దూరం నుంచి చూడండి. రంగు, గూడు, నడక నోటుబుక్కులో రాసి తెండి. బూటు మాత్రం కాలికే ఉండాలి.