పప్వా సెవ్‌గోలమ్

గోల్ఫ్ ఆట మన ఊళ్ళలో అంతగా కనబడదు. విశాలమైన పచ్చిక మైదానంలో దూరదూరంగా 18 చిన్న గుంటలుంటాయి. పొడవైన కర్రతో చిన్న బంతిని కొడుతూ ఒక్కొక్క గుంటలోనే వేసుకుంటూ పోవాలి. అందరికంటె తక్కువ దెబ్బలతో ముగించినవాడే విజేత. ఖర్చుతో కూడిన ఆట కనుక ఇది చాలా దేశాలలో సంపన్నుల ఆటగానే సాగింది. దక్షిణాఫ్రికాలో ఒకప్పుడు డబ్బు ఒక్కటే చాలేది కాదు, చర్మం కూడ తెల్లగా ఉండాలి. అటువంటి దేశంలో ఆ ఆట ఆడి గెలిచిన భారత సంతతివాడు పప్వా సెవ్‌గోలమ్.

1860 నవంబరు 16న మద్రాసు నుండి వచ్చిన ట్రూరో అనే ఓడ డర్బన్ రేవు చేరింది. అందులోని వారు నేటాల్ చెరకు తోటలలో పనికి కుదిరిన ఒప్పంద కూలీలు. తరువాత 1911 వరకు సుమారు లక్షన్నర మంది అలా వెళ్ళారు. వారిలో తెలుగువారు, తమిళులు, ఉత్తరాదివారు ఉన్నారు. పప్వా తెలుగువాడు కాడు గాని, మన వాళ్ళు కూడ స్థిరపడిన ఆ డర్బన్‌లోనే 1930 ప్రాంతంలో పుట్టాడు. అసలు పేరు సెవ్‌సంకర్. మన శివశంకరుడే అక్కడి కాగితాలలో అలా మారాడు.

ఇంట్లో పేదరికం. చదువు అబ్బలేదు. చిన్నతనంలోనే గోల్ఫ్ మైదానంలో దొరల కర్రల సంచి మోసే పనికి కుదిరాడు. ఆ పనివారిని క్యాడీలంటారు. దొరల ఆట చూస్తూ తనంతట తానే ఆట నేర్చాడు. కుడిచేతివాటం ఆటగాళ్ళు కర్రపై ఎడమచేతిని పైన, కుడిచేతిని కింద ఉంచుతారు. పప్వా పట్టు దీనికి తలకిందులు. తప్పని చెప్పి సరిదిద్దే గురువు లేడు. ఆ పట్టుతోనే బంతి అనుకున్నచోటికి పోతుంటే సరిదిద్దవలసిన అవసరమూ రాలేదు.

ఆయన ప్రతిభను గుర్తించిన గ్రాహం వుల్ఫ్ అనే తెల్లజాతి వ్యాపారి ఆయనను 1959లో ఐరోపాకు తీసుకువెళ్ళాడు. ఆ ఏడే పప్వా డచ్ ఓపెన్ పోటీ గెలిచాడు. 1960లో, 1964లో మళ్ళీ గెలిచాడు. పరదేశంలో ఇంత పేరు వచ్చినా స్వదేశంలో తెల్లవారితో కలిసి ఆడాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి.

1963లో ఆ అనుమతి దొరికింది. డర్బన్‌లో జరిగిన నేటాల్ ఓపెన్‌లో వంద మందికి పైగా ఉన్న తెల్ల ఆటగాళ్ళను ఓడించి పప్వా విజేత అయ్యాడు. బహుమతి ప్రదానం వేళకు వాన పట్టుకుంది. తెల్లవారందరు క్లబ్బు భవనంలోకి వెళ్ళారు. భారతీయునికి లోపల కూర్చునే హక్కు లేదు. పళ్ళెం పట్టుకొని వడ్డించే భారతీయ నౌకర్లు మాత్రం లోపల తిరుగుతూనే ఉన్నారు! గెలిచినవాడు బయట వానలో నిలబడి బహుమతి అందుకొన్నాడు. ఆ ఛాయాచిత్రం ప్రపంచ పత్రికలలో వచ్చింది. జాతివివక్ష పాటించే దక్షిణాఫ్రికాను క్రీడలనుండి వెలివేయాలని వాదించేవారికి అంతకు మించిన సాక్ష్యం అక్కరలేకపోయింది.

1965లో అదే పోటీలో ఆయన గేరీ ప్లేయర్‌ను ఓడించాడు. ప్లేయర్ అప్పటికే గోల్ఫ్‌లోని నాలుగు మహా పోటీలలో మూడింటిని గెలిచిన ప్రపంచ ప్రసిద్ధుడు. ఓడిపోయి ఉంటే ప్రభుత్వం పప్వాను ఇంకా కొంతకాలం ఆడనిచ్చేదేమో! ఈ గెలుపు తరువాత తెల్లవారి పోటీలకు అనుమతి ఆగిపోయింది. పాస్‌పోర్టు కూడ తీసుకున్నారు. దానితో విదేశాలలో ఆడే దారి మూసుకుపోయింది. చేతిలో విద్య ఉండి, వయసు ఉండి, ఆడే చోటు లేక ఆయన ఏళ్ళు గడిపాడు. 1978లో, యాభై ఏళ్ళు నిండకుండానే, పేదరికంలో మరణించాడు.

దక్షిణాఫ్రికాలో అన్ని జాతులవారు ఓటు వేసిన ఎన్నికలు 1994లో జరిగాయి. డర్బన్‌లోని ఒక గోల్ఫ్ మైదానానికి పప్వా పేరు పెట్టారు.