కంటి ఆస్పత్రికి స్థలమిచ్చిన సినీ దర్శకుడు

బోరబండ: పల్లె నుంచి కంటి జబ్బుతో హైదరాబాదు వచ్చిన వారు బస్సు దిగగానే వాకబు చేసేది ఎల్.వి. ప్రసాద్ ఆస్పత్రికి దారి ఎటు అని. బోరబండ వైపు నుంచి వెళ్లినా, ఫిలింనగర్ వైపు నుంచి దిగినా బంజారాహిల్స్ రెండో నంబరు రోడ్డులో ఆ ఆస్పత్రి ఉంది. ఆ పేరు గల పెద్దమనిషి గొప్ప కంటి డాక్టరై ఉంటారని అనుకునే వారు నేటికీ ఉన్నారు. ఆయన డాక్టరు కారు. పెద్ద చదువులు చదివిన వారూ కారు. సినిమా మనిషి.

మన పట్టణాలలో రోటరీ, లయన్స్ వంటి సేవా సంఘాలు పేరున్న పెద్దలకు గౌరవ సభ్యత్వం ఇవ్వడం ఆనవాయితీ. గౌరవ సభ్యుడు చందా కట్టనక్కర లేదు. ఆయనకు ఓటు ఉండదు, పదవీ ఉండదు. దండ వేసి, శాలువా కప్పి, నాలుగు మంచి మాటలు చెప్పి సాగనంపుతారు. అది మర్యాదే, తప్పు లేదు. కాని ఆ దండ వాడిపోయాక ఊరికి ఏం మిగిలిందన్నది వేరే మాట. ఈ సంగతి ఆలోచించే వారు ఎల్.వి. ప్రసాద్ జీవితం తెలుసుకోవాలి.

ఆయన పూర్తి పేరు అక్కినేని లక్ష్మీవరప్రసాదరావు. ఏలూరు దగ్గర సోమవరప్పాడులో 1908 జనవరి 17న రైతు కుటుంబంలో జన్మించారు. చదువు మీద కన్నా నాటకాల మీద, ఊరికి వచ్చే సినిమా ఆటల మీద మనసు ఎక్కువ. చిన్న వయసులోనే మేనమామ కూతురు సౌందర్య మనోహరమ్మతో పెళ్లయింది. తండ్రి శ్రీరాములు అప్పుల పాలై ఐ.పి. పెట్టవలసి వచ్చింది. ఆ అవమానం చూడలేక ప్రసాద్ ఇంట్లో చెప్పకుండా బొంబాయి రైలెక్కారు.

అక్కడ సినిమా కంపెనీలో చిల్లర పనులు చేశారు. డ్రీమ్‌లాండ్ సినిమా హాలులో గేటు కీపరుగా నిలబడ్డారు. చిన్న చిన్న వేషాలు దొరికాయి. 1931లో వచ్చిన తొలి హిందీ టాకీ ఆలం ఆరాలో, అదే ఏడు వచ్చిన తొలి తమిళ టాకీ కాళిదాసులో, 1932లో విడుదలైన తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాదలో ఆయన ఉన్నారు. మూడు భాషల మొదటి టాకీలలోనూ నటించిన ఘనత ఆయనది.

1946లో గృహప్రవేశం చిత్రానికి దర్శకత్వం వహించారు. 1949 నాటి మనదేశంలో ఎన్.టి. రామారావుకు తొలి వేషం ఇచ్చినది ఆయనే. షావుకారు, పెళ్లిచేసి చూడు, మిస్సమ్మ చిత్రాలను చూడని తెలుగువారు అరుదు. తర్వాత మద్రాసులో స్టూడియో కట్టారు, లేబొరేటరీ పెట్టారు, హిందీ చిత్రాలు తీశారు. 1982వ సంవత్సరానికి దాదా సాహెబ్ ఫాల్కే అవార్డు వచ్చింది. గేటు దగ్గర టిక్కెట్లు చించిన మనిషికి దేశం ఇవ్వగల గౌరవం అందింది.

అక్కడితో ఆగితే ఇది సినిమా కథే. ఇక కంటి సంగతి.

సేవా సంఘాలకూ కంటికీ పాత చుట్టరికం ఉంది. చూపు, వినికిడి రెండూ లేని హెలెన్ కెల్లర్ 1925లో అమెరికాలో జరిగిన లయన్స్ మహాసభకు వెళ్లి అంధుల పక్షాన నిలవమని కోరారు. నాటి నుంచి లయన్స్ క్లబ్బులు కంటి సేవను తమ పనిగా చేసుకున్నాయి. మన ఊళ్ల కంటి శిబిరాలలో ఎందరికో శుక్లాలు తీయించాయి. అయితే శుక్లం ఒక ఎత్తు, కంట్లో పువ్వు వేసి నల్లగుడ్డు తెల్లబడడం ఒక ఎత్తు. దానికి నల్లగుడ్డు పొరనే మార్చాలి. అది శిబిరంతో అయ్యే పని కాదు. నిపుణులు, యంత్రాలు, ఏడాది పొడుగునా నడిచే పెద్ద ఆస్పత్రి కావాలి.

అటువంటి ఆస్పత్రి హైదరాబాదులో పెట్టాలని అమెరికాలో పనిచేసి తిరిగి వచ్చిన డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు సంకల్పించారు. దానికి ప్రసాద్ కుటుంబం బంజారాహిల్స్‌లో అయిదెకరాల స్థలం, కోటి రూపాయలు ఇచ్చింది. 1987లో ఆస్పత్రి మొదలైంది. దాత పేరే దానికి పెట్టారు. 1981లో వచ్చిన అమావాస్య చంద్రుడు చిత్రంలో గుడ్డివాడైన కథానాయకుని ప్రేమించిన పిల్లకు తాతగా ప్రసాద్ నటించారు. తెర మీద ఆ కథ నడిచిన ఆరేళ్లకు నిజంగా చూపు తెప్పించే ఇల్లు ఆయన పేరుతో లేచింది.

డబ్బు కట్టగలవారు కడతారు. కట్టలేని వారికి ఎంత పెద్ద ఆపరేషనైనా ఉచితం. ఇద్దరికీ డాక్టర్లు ఒక్కరే. పట్నానికి రాలేని వారి కోసం ముధోల్ వంటి చోట్ల, ఇంకా పల్లెలలో కంటి కేంద్రాలు వెలిశాయి.

ప్రసాద్ 1994 జూన్ 22న కన్ను మూశారు. ఆయనకు వేసిన దండలు ఏనాడో వాడిపోయాయి. ఇచ్చిన స్థలంలో మాత్రం రోజూ ఎవరో ఒకరికి కట్టు విప్పుతున్నారు.

అయిదెకరాలు ఇవ్వడం అందరి తరం కాదు. కాని నల్లగుడ్డు మార్చాలంటే మరొకరి నల్లగుడ్డు పొర కావాలి. మరణించిన ఆరు గంటలలోగా కబురు చేస్తే డాక్టర్లు వచ్చి కళ్లు తీసుకుంటారు. ఇంటివారికి ఖర్చు లేదు, చందా అసలే లేదు. ఊరి పెద్దలకు గౌరవ సభ్యత్వం ఇచ్చే సంఘాలు ఆ సభలోనే నేత్రదానం కాగితాల మీద సంతకాలు చేయించగలిగితే, శాలువా కప్పిన రోజుకు అర్థం ఉంటుంది.