బాంబులు ఆపమని అడగబోయిన హొసూరు పెద్దాయన

మా చిలమత్తూరు పిల్లోళ్లు పనులకని బెంగుళూరు పోతారు. ఇంకొంచెం అవతలికి పోతే తెలుగోళ్లుండే హొసూరు. ఆ పక్కన తొరపల్లిలో 1878లో పుట్టినాడు రాజాజీ.

స్వతంత్ర పార్టీ పెట్టి నెహ్రూను ఎదిరించినాడు. అణుబాంబు కాడ మాత్రం ఇద్దరిదీ ఒకటే మాట. పరీక్షలు ఆపాలని 1954లోనే నెహ్రూ పార్లమెంటులో అడిగినాడు. 1962లో, 83 ఏండ్ల వయసులో, గాంధీ శాంతి ప్రతిష్ఠానం తరఫున రాజాజీ అమెరికాకు పోయి కెన్నెడీని కలిసినాడు. అవతలోళ్ల కోసం చూడకుండా ముందు మీరే ఆపండని వాదించినాడు.

మరుసటేడు మాస్కోలో ఒప్పందమైంది. గాల్లో, నీళ్లలో, అంతరిక్షంలో పరీక్షలు బంద్. భూమిలోపలివి మిగిలినాయి. ఆయనొక్కడి వల్లే అయిందని నేను చెప్పను.

ఫోన్లో బాంబులెయ్యమని రాసే తమ్ముళ్లూ, ఎయ్యమనేది సులువు. ముందు ఆపమనేదానికే గుండె కావాల.