డాక్టరు రషీద్ జహాన్

ఆలీగఢ్ పట్టణమున 1906వ సంవత్సరమున ముస్లిం బాలికల కొఱకు ఒక చిన్న పాఠశాల నెలకొల్పబడెను. దానిని స్థాపించినవారు షేక్ అబ్దుల్లా గారును, వారి సతీమణి వహీద్ జహాన్ బేగము గారును. ఆ కాలమున గౌరవ కుటుంబముల ఆడపిల్లలు ఘోషా విడిచి వీధిలోనికి వచ్చువారు కారు. వారిని బడికి తెచ్చుటకు తెరలు కట్టిన డోలీలను పంపవలసి వచ్చెడిది. ఊరి పెద్దలు పలువురు ఈ ప్రయత్నమును నిందించిరి. ఆ దంపతులు మాత్రము వెనుదీయలేదు. బడి పుట్టుటకు ఒక యేడాది ముందు, 1905 ఆగస్టు 25వ తేదీన, వారికి కలిగిన కుమార్తెయే రషీద్ జహాన్. బడియు, ఆమెయు ఒక తల్లి బిడ్డలవలె పెరిగినవనవచ్చును.

ఆలీగఢ్‌లో చదువు ముగించి ఆమె లక్నోలోని ఇసబెల్లా థోబర్న్ కళాశాలలో చేరెను. అచ్చటనే కళాశాల పత్రికకు ఆంగ్లమున ఒక చిన్న కథ వ్రాసెను. తరువాత ఢిల్లీలోని లేడీ హార్డింజి వైద్య కళాశాలలో చదివి 1929లో వైద్యురాలయ్యెను. కొంతకాలము ప్రభుత్వ వైద్యశాలలలో పనిచేసెను.

ఆ దినములలో ఘోషా స్త్రీలు ఎంత జబ్బుపడినను పురుష వైద్యునికి కనబడుటకు ఇష్టపడెడివారు కారు. కనుక లేడీ డాక్టరు వచ్చినదనగా అంతఃపురముల తలుపులు తెరచుకొనెడివి. ధనవంతుల మేడలలోనికిని, కూలివాండ్ర గుడిసెలలోనికిని ఆమె ఒక్క తీరుననే పోవుచుండెను. బయటివారికి కనబడని సంసారములను ఆమె రోగి మంచముకడ కూర్చుండి చూచెను.

అంతకుముందు ఉర్దూ గద్యమున ఇల్లాలిని గూర్చి వ్రాసినవారు లేకపోలేదు. 1869లో నజీర్ అహ్మద్ గారు ప్రకటించిన 'మిరాతుల్ ఉరూస్' అను నవల మిక్కిలి ప్రసిద్ధమైనది. అందు అక్బరీ, అస్గరీ అను అప్పచెల్లెండ్రు కలరు. అక్క తన తెలివిమాలినతనముచే సంసారమును చెడగొట్టుకొనును. చెల్లెలు లెక్కలు సరిచూచి, మోసగత్తెయైన దాసిని బయటపెట్టి, అత్తవారింటిని నిలబెట్టును. తాళపుచెవులు ఎవరిచేత నున్నవో ఇంటి అధికారము వారిదేయని ఆ కథ చదివినవారికి తోచును. రషీద్ జహాన్ మరియొక సంగతి నడిగెను. తాళపుచెవులు చేతనున్న ఇల్లాలికి తన గడప తాను దాటు స్వాతంత్ర్యము కలదా? ఒడలు కృశించినపుడు విశ్రమించు హక్కు కలదా?

1932 డిసెంబరులో లక్నోలో 'అంగారే' అను పుస్తకము వెలువడెను. నిప్పుకణికలని ఆ మాటకు అర్థము. సజ్జాద్ జహీర్, అహ్మద్ అలీ, మహమూదుజ్జఫర్, రషీద్ జహాన్ అను నలుగురు యువకుల రచనలు అందు చేర్చబడినవి. ఆ నలుగురిలో స్త్రీ ఆమె యొక్కతెయే. ఆమె వ్రాసినవి ఒక కథయు, ఒక నాటికయు.

కథ పేరు 'ఢిల్లీ సైరు'. కొద్ది పుటలు మాత్రమే. ఫరీదాబాదున నుండు మలికా బేగము తన పేటలో రైలెక్కిన మొదటి స్త్రీ. ఇరుగుపొరుగు స్త్రీలు ఆమె చుట్టు చేరి, ఢిల్లీ వింతలు వినుటకు తహతహలాడుదురు. ఆమె చెప్పునది వేఱు. ఢిల్లీ స్టేషనులో దిగగానే భర్తకు స్టేషను మాస్టరైన స్నేహితుడొకడు కనబడెను. భార్యను సామానుకడ కూర్చుండబెట్టి ఆతడు స్నేహితునితో వెడలిపోయెను. బురఖాలో ముడుచుకొని, వచ్చిపోవువారి చూపులకు జంకుచు, ఆమె గంటల తరబడి ఆ మూటలమీదనే కూర్చుండెను. ఆతడు హోటలులో కడుపునిండ తిని, మీసము దువ్వుకొనుచు తిరిగి వచ్చి, ఆకలిగానున్నచో పూరీలు తెత్తునా యని యడిగెను. తనకు ఢిల్లీయు వలదు, విహారమును వలదు, ఇంటికి చేర్చుమని ఆమె పట్టుపట్టెను. ఢిల్లీ చూడకయే ఆ ప్రయాణము ముగిసెను. ఇందు కొట్టుట లేదు, తిట్టుట లేదు. భర్త దుర్మార్గుడును కాడు. భార్య కూర్చుండి యెదురుచూచుట సహజమని మాత్రము ఆతడెఱుగును. అయినను ఆ కథ నవ్వించుచునే మనస్సును నొప్పించును.

'పర్దే కే పీఛే' అను నాటిక కథయంత నేర్పుగా కుదిరినది కాదు. అది ఇద్దరు స్త్రీల సంభాషణ. కాని బరువు దానికే యెక్కువ. ముహమ్మదీ బేగము కలవారింటి ఇల్లాలు. ఏటేట కానుపులచే ముప్పదిరెండేండ్లకే ఆమె ముసలిదైపోయెను. ఇంట దాసీజనము కలరు గాని, భర్త మరల పెండ్లాడునేమోయను భయము ఆమెను విడువదు. వైద్యురాలు గానివారికి ఈ నాటిక వ్రాయుట అలవి కాకుండెడిది.

'అంగారే' మతమును కించపరచినదని సంయుక్త రాష్ట్రములయందు గొప్ప అలజడి చెలరేగెను. 1933 మార్చిలో ప్రభుత్వము పుస్తకమును నిషేధించి, ప్రతులను ధ్వంసము చేయించెను. తక్కిన మువ్వురికంటె స్త్రీయైన రషీద్ జహాన్ పైననే ఆగ్రహము హెచ్చయ్యెను. 'అంగారేవాలీ' యని ఆమెకు పేరు పెట్టిరి. ఆమెకు హాని చేయుదుమని బెదిరించిరి. ఆమె కావలివారిని పెట్టుకొనక, రోగులను చూచుట మానక, తన పని తాను చేసికొనెను. రచయితలు క్షమాపణ చెప్పబోరని మహమూదుజ్జఫర్ ఏప్రిలులో అలహాబాదు పత్రికయందు ప్రకటించెను.

1934లో వారిరువురికిని వివాహమయ్యెను. అమృతసరమున భర్త కళాశాలలో పనిచేయుచుండగా, అచ్చటికి ఉపాధ్యాయుడుగా వచ్చిన యువకవి ఫైజ్ అహ్మద్ ఫైజ్ ఈ దంపతుల సాంగత్యమున ప్రజా విషయములవైపు మరలెను. 1936లో ప్రేమ్‌చంద్ గారి అధ్యక్షతన లక్నోలో జరిగిన అభ్యుదయ రచయితల మహాసభకు ఆమె పాటుపడెను. ఆ ఉద్యమమే తెలుగునాటికిని వ్యాపించి, 1943లో తెనాలిలో మహాసభ జరిపెను. ఆమె కథల సంపుటము 1937లో వెలువడెను. ఆలీగఢ్ బడిలో చదివిన ఇస్మత్ చుగ్తాయి, తరువాత ఉర్దూ కథకులలో అగ్రగణ్యురాలై, రషీద్ జహాన్ తనకు మార్గము చూపినదని చెప్పుకొనెను.

ఆమె వ్రాసినది కొంచెమే. వైద్యమును, కమ్యూనిస్టు పార్టీ పనులును ఆమె కాలమును హరించెను. 1949లో రైల్వే సమ్మెకు సంబంధించి ఆమెను చెఱసాలలో నుంచిరి. అచ్చట నిరాహారదీక్ష పూనెను. పిమ్మట పుట్టకురుపు వ్యాధి ముదిరెను. చికిత్సకై 1952లో మాస్కో నగరమునకు పోయి, జూలై 29వ తేదీన అచ్చటనే మరణించెను. అప్పటి కామెకు నలువదియేడేండ్లు కూడ నిండలేదు. ఆమెను ఆ నగరముననే ఖననము చేసిరి. నిషేధింపబడిన 'అంగారే' 1995లో మరల అచ్చయ్యెను. అచ్చువేసిన నగరము ఢిల్లీ.