బడి మైదానం నుంచి జకార్తా దాకా: మన రహీమ్ సాబ్

ఫుట్‌బాల్‌లో ఇండియా ఏషియన్ గేమ్స్ గోల్డ్ మెడల్ గెలిచింది రెండే రెండుసార్లు. 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో. రెండుసార్లూ కోచ్ ఒక్కరే, హైదరాబాద్ బిడ్డ సయ్యద్ అబ్దుల్ రహీమ్. జనం ప్రేమగా రహీమ్ సాబ్ అనేవారు.

1909లో హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియాలో చదువుకుని బడిలో టీచర్ అయ్యారు. ఫుట్‌బాల్ కోచ్‌గా మారాక కూడా ఆ టీచర్ పద్ధతి ఆయన్ని వదల్లేదు. కుడికాలు వాటం ఉన్న కుర్రాడితో ఎడమకాలితో ఆడించేవారు. బంతి ఒక్కడి దగ్గరే ఉండకుండా వెంటనే పక్కవాడికి పాస్ ఇవ్వడం నేర్పేవారు.

ఆయన తయారుచేసిన హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్ గెలిచింది.

అన్నీ గెలుపులే కాదు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లేవియా చేతిలో 10-1 తేడాతో చిత్తుగా ఓడిపోయాం. ఆ చలిలో మనవాళ్లలో చాలామంది బూట్లు లేకుండానే ఆడారు. నాలుగేళ్లకే రహీమ్ సాబ్ టీమ్ మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరింది, నాలుగో స్థానంలో నిలిచింది. ఆ జట్టులో నూర్ మొహమ్మద్, అజీజుద్దీన్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికారుద్దీన్, తులసీదాస్ బలరామ్ లాంటి మన జంటనగరాల కుర్రాళ్లు ఉన్నారు.

1962లో మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. తర్వాత డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. ఇంకో కోచ్ అయితే అతన్ని బయట కూర్చోబెట్టేవారేమో. రహీమ్ సాబ్ మాత్రం అతన్ని ఫార్వర్డ్‌గా ముందుకు పంపారు. సెమీఫైనల్‌లో అతను గోల్ కొట్టాడు.

సెప్టెంబర్ 4న ఫైనల్. మళ్లీ అదే కొరియా. ఇజ్రాయెల్, తైవాన్ ఆటగాళ్లను ఇండోనేషియా రానివ్వకపోవడాన్ని ఓ ఇండియా అధికారి తప్పుపట్టారని అక్కడి జనం మన మీద కోపంగా ఉన్నారు. స్టేడియం నిండా అరుపులు, ఎగతాళి. ఆ గోల మధ్యే పి.కె. బెనర్జీ ఒక గోల్, జర్నైల్ ఇంకో గోల్ కొట్టారు. ఇండియా 2-1తో గెలిచింది.

ఆ గెలుపు తర్వాత ఆయనకు మిగిలింది తొమ్మిది నెలలే. 1963 జూన్ 11న ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో రహీమ్ సాబ్ ఇంతెఖాల్ అయ్యారు. అప్పటికి ఆయన వయసు 53 ఏళ్లు. అప్పటినుంచి ఇప్పటిదాకా ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో ఇండియాకు మళ్లీ గోల్డ్ రాలేదు.

2024లో వచ్చిన హిందీ సినిమా మైదాన్ చూశాకే చాలామంది హైదరాబాదీలకు ఆయన పేరు తెలిసింది. మన ఊరి టీచర్ గురించి మన పిల్లలకు సినిమా చెప్పాల్సి వచ్చింది. ఆ పని మన ఇళ్లలో ముందే జరగాల్సింది. అల్లాహ్ ఆయనకు జన్నత్‌లో ఉన్నత స్థానం ప్రసాదించుగాక. ఆమీన్.