చదువు, ఉపాధి, ఆశ్రయం: ఆడపిల్లల అక్రమ రవాణాపై దుర్గాబాయ్ దేశ్‌ముఖ్ పోరు

ఢిల్లీ విశ్వవిద్యాలయ దక్షిణ ప్రాంగణం చేరువలోని మెట్రో స్టేషన్‌కు ఒక తెలుగు మహిళ పేరు పెట్టారు. ఆమె దుర్గాబాయ్ దేశ్‌ముఖ్. స్వాతంత్ర్య సమరయోధురాలిగా, ఆంధ్ర మహిళా సభ వ్యవస్థాపకురాలిగా తెలుగువారికి ఆమె సుపరిచితురాలు. స్త్రీలను, బాలికలను సరుకుగా మార్చి అమ్మే వ్యాపారాన్ని అరికట్టేందుకు దేశ రాజధానిలో ఆమె చేసిన కృషి మాత్రం అంతగా ప్రచారంలోకి రాలేదు.

దుర్గాబాయ్ 1909 జూలై 15న రాజమహేంద్రవరంలో జన్మించారు. ఎనిమిదేళ్ల ప్రాయంలోనే వివాహం జరిపించారు. ఊహ తెలిశాక ఆ బంధాన్ని ఆమె అంగీకరించలేదు. తన ఎంపిక లేకుండానే తన జీవితం నిర్ణయమైపోవడమంటే ఏమిటో అలా స్వానుభవంతో గ్రహించారు.

1921లో గాంధీజీ కాకినాడకు వచ్చినప్పుడు, పన్నెండేళ్లయినా నిండని దుర్గాబాయ్ ఒక సాహసానికి పూనుకున్నారు. దేవదాసీలు, పరదా చాటున ఉండే ముస్లిం స్త్రీలు ఆయన మాటలు నేరుగా వినాలని పట్టుబట్టారు. ఐదు వేల రూపాయల విరాళం సమకూరిస్తేనే సభకు సమయం ఇస్తామని నిర్వాహకులు షరతు పెట్టగా, ఆ దేవదాసీల తోడ్పాటుతోనే సొమ్ము పోగుచేశారు. ఆలయానికి అంకితం పేరిట ఆడపిల్లలకు గృహస్థ జీవితాన్ని దూరం చేసి, పరుల పోషణపై బతకాల్సిన స్థితికి నెట్టిన ఆచారం అది. ఆ స్త్రీలను వెలివేయదగినవారిగా కాక, అన్యాయానికి గురైనవారిగా చూడటం ఆమెకు బాల్యంలోనే అలవడింది.

ఉప్పు సత్యాగ్రహ కాలంలో ఆమె పలుమార్లు కారాగారవాసం అనుభవించారు. అక్కడ తారసపడిన నిరుపేద మహిళా ఖైదీలలో అనేకులకు అక్షరజ్ఞానం లేదు, తమ తరఫున వాదించే దిక్కూ లేదు. వారికి అండగా నిలవాలంటే న్యాయశాస్త్రం తెలియాలని ఆమె నిశ్చయించుకున్నారు. ఆగిపోయిన చదువును మళ్లీ మొదలుపెట్టి, బెనారస్ మెట్రిక్యులేషన్ నుంచి ఆంధ్ర విశ్వవిద్యాలయ పట్టం వరకు సాగి, 1942లో మద్రాసులో న్యాయశాస్త్ర పట్టా అందుకున్నారు. అప్పటికే, 1937లో, ఆంధ్ర మహిళా సభను స్థాపించి స్త్రీలకు చదువు, చేతిపని నేర్పించసాగారు.

1946లో రాజ్యాంగ సభ సభ్యురాలిగా ఆమె ఢిల్లీ చేరారు. మనుషుల క్రయవిక్రయాలను, వెట్టిచాకిరీని నిషేధించే ముసాయిదా అధికరణం 1948 డిసెంబర్ 3న చర్చకు వచ్చింది. దేవదాసీ పద్ధతిని అందులో విడిగా పేర్కొనాలని ప్రొఫెసర్ కె.టి. షా సవరణ ప్రతిపాదించారు. దాని వెనుక ఉన్న ఉద్దేశాన్ని దుర్గాబాయ్ హర్షించారు. మద్రాసులో 1947లోనే ఆ ఆచారాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చిందని సభకు గుర్తుచేశారు. ఆ అధికరణమే నేటి రాజ్యాంగంలోని 23వ అధికరణం.

రాజ్యాంగంలో నిషేధం రాసుకున్నంత మాత్రాన ఆ వ్యాపారం ఆగలేదు. ఈ సంగతి దుర్గాబాయ్‌కు తెలుసు. ప్రణాళికా సంఘం సభ్యురాలిగా ఉంటూ, 1953 ఆగస్టులో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి ఆమె తొలి అధ్యక్షురాలయ్యారు. స్వచ్ఛంద సంస్థల సేవలకు మొదటి పంచవర్ష ప్రణాళికలో కేటాయించిన నాలుగు కోట్ల రూపాయలను అవసరమున్న చోటికి చేర్చే బాధ్యతను ఆ మండలి స్వీకరించింది. ధన్వంతి రామారావు నాయకత్వంలో 1954లో ఒక సలహా సంఘాన్ని నియమించి, వ్యభిచార కూపాలకు స్త్రీలు ఎలా చేరుతున్నారో, బయటపడినవారికి ఏ ఆసరా కావాలో అధ్యయనం చేయించింది.

ఈ వ్యాపారాన్ని అణచివేయాలన్న అంతర్జాతీయ ఒప్పందంపై భారత్ 1950 మేలోనే న్యూయార్క్‌లో సంతకం చేసింది. దానికి అనుగుణంగా పార్లమెంటు 1956లో తెచ్చిన చట్టం 1958 మేలో అమల్లోకి వచ్చింది. వ్యభిచార గృహాలు నడిపేవారికి, బాలికలను తార్చేవారికి, ఆ సంపాదనపై బతికేవారికి అది శిక్షలు విధించింది. రక్షణ గృహాలకూ వీలు కల్పించింది. అయితే బహిరంగంగా విటులను పిలవడం కూడా నేరమే కావడంతో, ఆచరణలో తరచుగా పట్టుబడింది బాధిత స్త్రీలే.

చట్టానికి ముందు, చట్టం తరువాత ఏం జరగాలన్నదే దుర్గాబాయ్ సేవాజీవితానికి కేంద్రం. మధ్యలో చదువు మానేసిన స్త్రీలు తక్కువ కాలంలో పరీక్షలకు సిద్ధమయ్యేలా సంక్షేమ మండలి 1958లో సంక్షిప్త విద్యా పథకాన్ని ప్రారంభించింది. దీనికి ప్రేరణ ఆంధ్ర మహిళా సభ అనుభవమే. ఒంటరి మహిళకు కావలసింది జాలి కాదని, అక్షరం, ఆదాయం, తలదాచుకునే చోటు అని ఆమె నమ్మారు. ఆ మూడూ లేని ఇంటికే దళారి వస్తాడు.

చట్టం ఒక్కటే చాలదనడానికి తెలుగు నేలే సాక్ష్యం. మద్రాసు చట్టం వచ్చిన నాలుగు దశాబ్దాలకు, జోగినీ వంటి ఆచారాలను నిషేధించేందుకు ఆంధ్రప్రదేశ్ 1988లో మరో చట్టం చేయాల్సి వచ్చింది. ఇళ్లలో పని ఇప్పిస్తామని, పెళ్లి చేసుకుంటామని నమ్మించి పేద రాష్ట్రాల బాలికలను ఢిల్లీకి, దాని పరిసర నగరాలకు తరలించే దళారులు నేటికీ ఉన్నారు. ఊరు దాటే ముందు పని చేయబోయే చోటు, చిరునామా, తీసుకువెళ్లే వ్యక్తి వివరాలు ఆరా తీయడం, అనుమానం కలిగితే పిల్లల కోసం 1098కి, మహిళల కోసం 181కి ఫోన్ చేయడం ప్రతి కుటుంబం తీసుకోగల జాగ్రత్తలు.

దుర్గాబాయ్‌ను ప్రభుత్వం 1975లో పద్మవిభూషణ్‌తో గౌరవించింది. 1981 మే 9న ఆమె కన్నుమూశారు. నేడు రక్షణ పొంది వచ్చిన బాలికకు బడిలో చోటు, చేతికి పని, ఇంట్లో ఆదరణ లభిస్తున్నాయా అన్నదే ఆమె ఆశయం ఎంతవరకు నెరవేరిందో చెప్పే కొలమానం.